రేకు మందం ఆర్డర్‌లో ఎలా రాయాలి: గేజ్ వదిలి మిల్లీమీటర్లలో రాయండి

హనుమకొండలో ఒక ఫంక్షన్ హాలుకు ఏసీ డక్టుల (చల్లగాలి వెళ్లే రేకు గొట్టాల) పని నా చేతికి వచ్చినప్పుడు ఆర్డర్ కాగితం మీద ఒకే ముక్క రాశాను: "24 గేజ్ జీఐ రేకు". జీఐ అంటే జింకు పూత వేసిన రేకు. నా మనసులో ఉన్నది 0.63 మిల్లీమీటర్లు. మన దేశంలో డక్టుల పనివాళ్లు 24 గేజ్ అంటే అదే లెక్క తీసుకుంటారు. తీరా వచ్చిన రేకు కొలిస్తే 0.55. ఇదేంటని అడిగితే సప్లయర్ తన దగ్గర గోడకు వేలాడుతున్న చార్టు చూపించాడు. అందులో 24 గేజ్ ఎదురుగా 0.559 అని ఉంది. అతను నన్ను మోసం చేయలేదు. నేను రాసిన మాటకు రెండు అర్థాలున్నాయి, అతను ఒకటి తీసుకున్నాడు. ఫ్యాన్ వేసిన ప్రతిసారీ డక్టు పక్కలు నూనె డబ్బా మీద చేత్తో కొట్టినట్టు డబ్ డబ్ మని మోగేవి. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు రెండు రాత్రులు కూర్చుని పక్కలకు యాంగిళ్లు బిగించాం. ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి నా కాగితాల మీద గేజ్ అనే మాట రాయలేదు. మీరు ఇంటి మీద రేకుల షెడ్డు వేయిస్తున్నా, పత్తికో మిర్చికో గోదాం కడుతున్నా, నాలుగు మడిగెలకు షట్టర్లు పెట్టిస్తున్నా రేకు మందం ఎలా రాయాలో, వచ్చాక ఎలా చూసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను. మీరు ఇంజనీరు కానక్కర్లేదు. మందం కొలిచే ఒక స్క్రూ గేజ్, ఒక తూకం, కాస్త ఓపిక ఉంటే చాలు.

మొదటి పని: గేజ్ నంబరును మిల్లీమీటర్లలోకి మార్చుకోండి

గేజ్ అనేది తీగలు లాగేవాళ్ల దగ్గర పుట్టిన లెక్క. తీగను అచ్చులోంచి ఎన్నిసార్లు లాగితే అంత సన్నబడుతుంది, నంబరు అంత పెరుగుతుంది. అందుకే 18 గేజ్ కంటే 24 గేజ్ పలుచన. బ్రిటన్ 1884లో తన తీగల గేజ్‌ను చట్టబద్ధం చేసింది. మన దగ్గర పాత చార్టులన్నీ దాని నుంచి వచ్చినవే. అమెరికా వాళ్లు ఉక్కు రేకుకు ఒకటి, జింకు పూత రేకుకు మరొకటి, అల్యూమినియానికి ఇంకొకటి పెట్టుకున్నారు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా దుకాణాల్లో గేజ్ మాట మాత్రం పోలేదు.

ఒక్క 24 గేజ్‌నే తీసుకోండి. ఏ చార్టు చూస్తే ఎంత వస్తుందో చూడండి:

బ్రిటిష్ గేజ్ ప్రకారం 0.559 మి.మీ.
అమెరికా మామూలు ఉక్కు రేకు గేజ్ ప్రకారం 0.607 మి.మీ.
మన డక్టుల పనిలో వాడే లెక్క 0.63 మి.మీ.
అమెరికా జింకు పూత రేకు గేజ్ ప్రకారం 0.701 మి.మీ.
అల్యూమినియం రేకు గేజ్ ప్రకారం 0.511 మి.మీ.

ఉక్కు రేకుల్లోనే చిన్నదానికీ పెద్దదానికీ మధ్య పావు వంతు తేడా ఉంది. ఇంటర్నెట్‌లో ఏదో చార్టు చూసి మనం 0.70 అనుకుంటాం, దుకాణంలో 0.56 కట్టిస్తారు. ఇద్దరూ 24 గేజ్ అనే అంటారు.

దుకాణంలో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి కాబట్టి బ్రిటిష్ లెక్కలు ఇంకొన్ని గుర్తుంచుకోండి. 16 గేజ్ 1.63 మి.మీ., 18 గేజ్ 1.22, 20 గేజ్ 0.91, 22 గేజ్ 0.71, 26 గేజ్ 0.46, 28 గేజ్ 0.38. అవతలివాళ్లు గేజ్‌లో మాట్లాడితే మీరూ గేజ్‌లోనే మాట్లాడండి, తప్పేం లేదు. మాటయ్యాక మాత్రం "అంటే ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడిగి, వాళ్లు చెప్పిన అంకెనే కాగితం మీద పెట్టండి.

రెండో పని: ఏ మందం గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

నన్ను అడిగితే అసలు నష్టమంతా ఇక్కడే జరుగుతుంది. మిల్లీమీటర్లలో రాసినవాళ్లు కూడా ఇక్కడ దెబ్బ తింటారు.

కలర్ రేకును అడ్డంగా కోసి చూడగలిగితే మధ్యలో ఉక్కు, దానికి రెండు వైపులా జింకు పూతో అల్యూమినియం–జింకు పూతో, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు కనిపిస్తాయి. బరువు మోసేది మధ్యలో ఉన్న ఉక్కు ఒక్కటే. దాని మందాన్ని బేస్ మెటల్ థిక్‌నెస్ అంటారు, కాగితాల మీద బీఎంటీ అని రాస్తారు. పూత కూడా కలిపితే టోటల్ కోటెడ్ థిక్‌నెస్, అంటే టీసీటీ. ప్రమాణాల ప్రకారం టీసీటీలో ఉక్కు, లోహపు పూత మాత్రమే ఉండాలి, రంగు కలవకూడదు. దుకాణాల్లో చాలామంది రంగును కూడా అందులోనే కలిపేస్తారు.

లెక్క వేసి చూద్దాం. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల అల్యూమినియం–జింకు పూత ఉంటే దాని మందం సుమారు 0.04 మి.మీ. పై రంగు, వెనక రంగు, ప్రైమరు అన్నీ కలిపి ఇంకో 0.03 దాకా. ఇప్పుడు మీకు "0.50 టీసీటీ" అని కొటేషన్ వచ్చిందనుకోండి. రంగు కలపకుండా చెప్పి ఉంటే లోపల ఉక్కు 0.46. రంగు కూడా కలిపి చెప్పి ఉంటే ఉక్కు 0.43 మాత్రమే. అలాగే మీరు 0.45 అని ఊరికే రాస్తే అవతలివాళ్లు అన్నీ కలిపి 0.45 ఇచ్చే వీలుంది. అప్పుడు ఉక్కు 0.38కి దిగిపోతుంది. దాన్ని ఎవరూ తప్పు అనలేరు, ఎందుకంటే మీరు అడిగింది 0.45, వచ్చిందీ 0.45.

అందుకే "బేస్ మెటల్ మందం" అన్న మాట కాగితం మీద తప్పకుండా ఉండాలి. దాని పక్కనే "కనీసం" అన్న మాట కూడా. మిల్లులో రేకు తయారయ్యేటప్పుడు కాస్త హెచ్చుతగ్గులు సహజం, ప్రమాణాలూ కొంతవరకు ఒప్పుకుంటాయి. "కనీసం" అని రాయకపోతే ఆ తేడా ఎప్పుడూ తక్కువ వైపే వస్తుంది. నా అనుభవంలో ఎక్కువ వైపు వచ్చిన లోడు చాలా అరుదు.

మూడో పని: పనికి తగ్గ మందం ఎంచుకోండి

ఇక్కడ ఒక విషయం ముందు అర్థం చేసుకుంటే తర్వాతివన్నీ తేలిక. చదునుగా ఉన్న రేకు వంగకుండా నిలబడే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 0.5 మి.మీ. చదును రేకు బదులు 0.4 వేస్తే మందం అయిదో వంతే తగ్గినా గట్టిదనం సగానికి పడిపోతుంది. నా డక్టు మోగింది అందుకే. అదే గాడులు, మడతలు ఉన్న కప్పు రేకు అయితే గట్టిదనం ఎక్కువగా ఆ మడతల ఎత్తు నుంచి వస్తుంది. అక్కడ మందం అయిదో వంతు తగ్గితే గట్టిదనమూ దాదాపు అంతే తగ్గుతుంది. కాబట్టి చదునుగా వాడే చోట, అంటే డక్టు, ఫ్లాషింగ్ (రేకు గోడకు ఆనే సందును మూసే పట్టీ), తలుపు పలక, గట్టర్ల దగ్గర, మందంలో పీనాసితనం చేయకండి. కప్పు రేకుకు మందంతో పాటు మడత ఎత్తు కూడా చూడండి. మడత 28 మి.మీ. ఎత్తున్న రేకు, 18 మి.మీ. ఎత్తున్న రేకు ఒకే మందంలో ఉన్నా ఒకేలా నిలబడవు.

ఇంటి మీద షెడ్డుకు, చిన్న గోదాముకు నేను బేస్ మెటల్ 0.45 కంటే తక్కువ రాయను. పర్లిన్ల మధ్య, అంటే రేకును బిగించే అడ్డ పైపుల మధ్య, దూరం నాలుగు నుంచి అయిదు అడుగులు. చివరి పర్లిన్లు, అంటే చూరు దగ్గరవి, ఇంకా దగ్గరగా ఉండాలి. ఖర్చు తగ్గించాలని పర్లిన్లను ఆరు అడుగులకు జరిపి, పైన 0.35 రేకు వేసిన షెడ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాటి మీద స్క్రూ బిగించడానికి మనిషి ఎక్కితేనే గుంట పడుతుంది. ఆ గుంటలో నీళ్లు నిలిచి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది.

దీనికి తోడు కోతులు. వరంగల్, ములుగు, కరీంనగర్ వైపు ఉన్నవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. గుంపు వచ్చి చెట్టు మీద నుంచి రేకు మీదికి దూకితే పలుచని రేకు ఎన్ని రోజులు ఆగుతుందో మీరే చూసి ఉంటారు. పక్కన చింతచెట్టో వేపచెట్టో ఉంటే 0.50 బేస్ మెటల్ రాయండి, వెనకాడకండి. రాళ్లవానకు కూడా అదే జవాబు. 2023 మార్చిలో వరంగల్ జిల్లాలో పడ్డ రాళ్లు చేలను ఎలా కొట్టాయో చూసినవాళ్లు కప్పు మీద పలుచని రేకు వేయడానికి ఒప్పుకోరు.

గాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎండాకాలం సాయంత్రాల్లో వచ్చే గాలిదుమారానికి రేకులు లేచిపోతే అందరూ "రేకు పలుచన" అంటారు. నిజానికి కప్పును పట్టి ఉంచేది రేకు బరువు కాదు. గాలి భారాల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకోమన్న మూల వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. మన ఊరిదీ అదే పుస్తకంలోని పటంలో చూసి తీసుకోవాలి. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 118 కిలోల ఒత్తిడి వస్తుంది. చదరపు మీటరు రేకు బరువు అయిదు కిలోలు కూడా ఉండదు. 0.45 రేకును 0.60 చేసినా బరువుతో ఆగేది ఏమీ లేదు. ఆపేది స్క్రూలు, స్క్రూ పట్టుకున్న పర్లిన్ మందం, స్క్రూ తల చుట్టూ ఉన్న రేకు. పలుచని రేకు అయితే స్క్రూ అక్కడే ఉంటుంది, రేకు చిరిగి దాని తల మీదుగా బయటికి వచ్చేస్తుంది. పర్లిన్ పలుచన అయితే స్క్రూ మరలు ఊడి స్క్రూతో సహా లేచిపోతుంది. అందుకని రేకు మందం రాసే కాగితం మీదే పర్లిన్ మందం కూడా రాయండి. నేను చిన్న షెడ్డుకు కూడా 2 మి.మీ. కంటే తక్కువ పైపు ఒప్పుకోను. పైపు కూడా కొలిచే తీసుకుంటాను, ఎందుకంటే 2 అని చెప్పి 1.6 ఇవ్వడం రేకులో కంటే పైపులోనే ఎక్కువ. చూరులు, మూలలు, రెండు చివరి వరసల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి. గాలి లాగేది అక్కడే ఎక్కువ. అరవై అడుగులు దాటిన షెడ్డు, నాలుగు వైపులా గోడ లేని షెడ్డు, మూడంతస్తుల మీద వేసే షెడ్డు అయితే ఇంజనీరు చేత లెక్క వేయించకుండా మొదలుపెట్టకండి.

మిగతావి త్వరగా చెబుతాను. మడిగెల షట్టర్ పట్టీలు 1.25 మి.మీ. ఉండాలి. ప్రభుత్వ పనుల్లో రాసేదీ అదే. దుకాణంలో 18 గేజ్ అంటే దీనికి దగ్గరగా వస్తుంది, 20 గేజ్ అంటే రాదు. ఉక్కు తలుపు చౌకట్లకు 1.25 లేదా 1.60. డక్టులకు పెద్ద పక్క 750 మి.మీ. దాకా 0.63, ఆపైన 1500 దాకా 0.80, అక్కడి నుంచి 2250 దాకా 1.00. స్లాబు కింద వేసే డెక్ షీటుకు 0.8 నుంచి 1.2 మధ్య. అది మాత్రం ఇంజనీరు చెప్పిందే వేయాలి, మేస్త్రీ మాట మీద వేయకూడదు. వానగట్టరు 0.60 కంటే తగ్గితే నిచ్చెన ఆనించిన చోటే వంగిపోతుంది.

నాలుగో పని: పూత విడిగా రాయండి

మందం షెడ్డును నిలబెడితే, అది ఎన్నేళ్లు ఉండాలన్నది పూత చేతిలో ఉంటుంది. ఈ రెంటినీ కలిపి ఒకే అంకెలో ఇరికించకండి.

జింకు పూతను చదరపు మీటరుకు గ్రాముల్లో చెబుతారు, అదీ రెండు వైపులా కలిపి. 120 అంటే ఒక్కో వైపు ఎనిమిది మైక్రాన్ల చిల్లర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 275 అంటే ఒక్కో వైపు పందొమ్మిది మైక్రాన్లు. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. జింకు తరుగుతూ ఉక్కును కాపాడుతుంది కాబట్టి పూత ఎంత ఉంటే అన్నేళ్లు అదనంగా నిలుస్తుంది. జింకు పూత రేకులకు ఐఎస్ 277, అల్యూమినియం–జింకు పూతకు ఐఎస్ 15961, దాని మీద రంగు కూడా వేసిన రేకుకు ఐఎస్ 15965 ప్రమాణాలు ఉన్నాయి. ఆర్డర్‌లో ఆ నంబర్లు కూడా వేయండి. మామూలు షెడ్లకు నా ఎంపిక అల్యూమినియం–జింకు 150 గ్రాములు. దుకాణంలో దీన్నే గాల్వాల్యూమ్ అంటారు.

కోళ్ల షెడ్డు, బర్రెల కొట్టం అయితే ఆ ఎంపిక మార్చుకోవాలి. పేడ, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అల్యూమినియం–జింకు పూతను లోపలి వైపు నుంచి తినేస్తుంది. చాలా కంపెనీలు పశువుల కొట్టాలకు వారంటీ కూడా ఇవ్వవు. అక్కడ జింకు 275 తీసుకుని, లోపలి వైపు కూడా పూర్తి మందం రంగు ఉండేలా అడగండి. కప్పు మొగరం దగ్గర గాలి బయటికి పోయే సందు వదలండి. ఎరువుల గోదాముకూ ఇదే జాగ్రత్త.

ఇంకో రెండు పొరపాట్లు మన దగ్గర రోజూ జరిగేవి ఉన్నాయి. రేకు గోడకు ఆనుకున్న చోట మేస్త్రీ సిమెంట్ మాల్ పెట్టి మూసేస్తాడు. పచ్చి సిమెంటులోని క్షారం అల్యూమినియం పూతను కొరికేస్తుంది. అక్కడ ఫ్లాషింగ్ రేకు వేసి, గోడలో గాడి కొట్టి దూర్చి, సీలెంట్ పెట్టించాలి. రెండోది గ్రైండర్. సైట్ మీద రేకును కటింగ్ చక్రంతో కోస్తే పూత కాలిపోతుంది, ఎగిరిన రవ్వలు రంగు మీద అతుక్కుని మొదటి వానకే ఎర్రటి చుక్కలు వస్తాయి. చేతి కత్తెరతోనో, రేకును కొరికినట్టు కోసే నిబ్లర్‌తోనో కోయమనండి. పొడవు ముందే సరిగ్గా రాసి ఇస్తే కోసే పని సగం తప్పుతుంది.

రేకు బలం గురించి ఒక్క మాట. కప్పు రేకుకు 550 ఎంపీఏ (మెగాపాస్కల్, ఉక్కు బలానికి కొలత) అనే గట్టి ఉక్కు వాడతారు. దాన్ని గట్టర్‌కు, ఫ్లాషింగ్‌కు బిగుతుగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. మడిచే వాటికి మెత్తని రకం వేరుగా రాయండి.

అయిదో పని: ఆర్డర్ వాక్యం

ఇప్పటి దాకా చెప్పినదంతా ఒక వాక్యంలో పెట్టాలి. నేను రాసేది ఇలా ఉంటుంది:

"కప్పు రేకు: రంగు వేసిన అల్యూమినియం–జింకు పూత ఉక్కు రేకు, ఐఎస్ 15965 ప్రకారం. బేస్ మెటల్ మందం కనీసం 0.45 మి.మీ., పూతలూ రంగూ కలపకుండా. లోహపు పూత రెండు వైపులా కలిపి కనీసం 150 గ్రా./చ.మీ. ఉక్కు బలం 550 ఎంపీఏ. మడత ఎత్తు 28 మి.మీ., పరిచాక కప్పే వెడల్పు 1000 మి.మీ. పొడవు 20 అడుగులు, అతుకు లేకుండా. కాయిల్ (రేకు చుట్ట) నంబరుతో మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సైట్ మీద కొలిచి, తూచి తీసుకుంటాం. తక్కువ వచ్చిన రేకులు వెనక్కి."

చివరి వాక్యం తీసేయకండి. అది ఉన్న కాగితానికి దుకాణంలో ఇచ్చే సరుకు వేరుగా ఉంటుందని నేను గట్టిగా చెప్పగలను.

ఈ వాక్యాన్నే ముగ్గురికి పంపి కొటేషన్లు తీసుకోండి. ఒకరు కిలోకు, ఒకరు అడుగుకు, ఒకరు చదరపు అడుగుకు రేటు చెబుతారు. రేకును అడుగు లెక్కన కొంటే పలుచన అయ్యే కొద్దీ అమ్మేవాళ్లకు లాభం. కిలో లెక్కన కొంటే మందం అయ్యే కొద్దీ వాళ్లకు లాభం. నేను అడుగు లెక్కన మాట్లాడి బరువుతో సరిచూసుకుంటాను. ఒక కొటేషన్ మిగతా రెంటి కంటే బాగా తక్కువ ఉంటే బేరం అనుకోకండి. "ఇది బేస్ మెటలేనా?" అని మళ్లీ అడగండి. జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

విశాఖ ఉక్కు రేకు అని చెప్పి అమ్మజూపితే అక్కడితో ఆగండి. విశాఖ కర్మాగారంలో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానెళ్ల వంటివి. రేకు చుట్టలు అక్కడ చేయరు. సర్టిఫికెట్ మీద ఉన్న మిల్లు పేరు, కాయిల్ నంబరు, రేకు వెనక అచ్చు వేసిన పేరు మూడూ కలవాలి.

ఆరో పని: లోడు దించకముందే కొలవండి

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో స్క్రూ గేజ్ తిప్పిన చేయి మీదైతే ఈ పని మీకు వచ్చినట్టే. అదే పరికరం ఇక్కడ కావాలి. దాన్నే మైక్రోమీటర్ అని హార్డ్‌వేర్ దుకాణాల్లో అమ్ముతారు. 0.01 మి.మీ. దాకా చూపిస్తుంది. వెర్నియర్ కాలిపర్స్ వద్దు, 0.05 తేడాను నమ్మకంగా పట్టుకోలేవు.

ముందు ఖాళీగా బిగించి సున్నా దగ్గర ఆగుతోందా చూడండి. ఆగకపోతే ఆ తేడా రాసుకుని ప్రతి రీడింగు నుంచి సరిచేయండి. తర్వాత రేకు మీద అంటించిన ప్లాస్టిక్ పొరను కొలిచే చోట పీకేయండి. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఆ పొర ఒక్కటే 30 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది, అంటే పలుచని రేకును మందంగా చూపించడానికి అదొక్కటీ చాలు. అంచు నుంచి కనీసం ఒక అంగుళం లోపల, మడత మీద కాకుండా చదునుగా ఉన్న చోట కొలవండి. మడత దగ్గర రేకు సాగి పలుచబడుతుంది, అంచు దగ్గర కోత బొడిపె ఉంటుంది. వెనక ఉన్న రాచెట్‌తో టిక్ టిక్ మనే దాకా తిప్పండి, చేతి బలంతో బిగించకండి.

పై రేకు ఒక్కటే కొలిచి ఊరుకోకండి. కట్ట మధ్యలోంచి, అడుగు నుంచి కూడా తీయించండి. రేకుకు మూడు చోట్ల, కనీసం అయిదు రేకులు. 0.52 వచ్చిందనుకోండి. అందులోంచి లోహపు పూత 0.04, రంగు 0.03 తీసేస్తే ఉక్కు 0.45. మీరు అడిగింది అదే కాబట్టి సరిపోయింది. 0.47 వస్తే ఉక్కు 0.40 మాత్రమే. పూత ఎంతో సర్టిఫికెట్‌లో ఉంటుంది, ఆ అంకె ప్రకారమే తీసేయండి.

ఇప్పుడు తూకం. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలు, అంటే మిల్లీమీటరు మందం ఉన్న చదరపు మీటరు రేకు 7.85 కిలోలు. పరిచాక ఒక మీటరు కప్పే రేకుకు సాధారణంగా 1220 మి.మీ. వెడల్పున్న చదును రేకు పడుతుంది, మిగతాది మడతల్లోకి పోతుంది. ఈ లెక్కన 12 అడుగుల రేకు, బేస్ మెటల్ 0.45, పూత 150 గ్రాములు అయితే సుమారు 16.6 కిలోలు తూగాలి. బేస్ మెటల్ 0.40 అయితే 14.9 దగ్గర వస్తుంది. అన్నీ కలిపి 0.45 ఇచ్చి ఉంటే 14.1. రేకుకు రెండున్నర కిలోలు, వంద రేకులకు రెండున్నర క్వింటాళ్ల ఉక్కు. పది రేకులు కట్టి కాటా మీద పెడితే చాలు, తేడా దాగదు. పెద్ద లోడు అయితే ధర్మకాంట మీద నిండు లారీ, ఖాళీ లారీ తూచి మొత్తం అడుగులతో భాగించండి. మీరు తీసుకున్న రేకు వెడల్పు వేరైతే 1220 బదులు ఆ కంపెనీ చెప్పిన వెడల్పు వేసుకోండి.

కొలత, తూకం రెండూ ఒకే మాట చెప్పాలి. కొలత బాగుండి తూకం తగ్గితే ప్లాస్టిక్ పొర తీయకుండా కొలిచారా, స్క్రూ గేజ్ సున్నా దగ్గర ఆగిందా అని మొదట చూడండి. రెండూ తగ్గితే లోడు దించనివ్వకండి. "వేసేయండి సార్, కొంచెం రేటు తగ్గిస్తాం" అంటారు. ఒప్పుకోవాలంటే ముందు పర్లిన్ల దూరం తగ్గించడానికి అయ్యే ఖర్చు లెక్క వేయండి. ఆ ఖర్చు వాళ్లు తగ్గించే దాని కంటే ఎక్కువే ఉంటుంది. డబ్బు పూర్తిగా ఇచ్చేశాక ఈ మాట్లాడే వీలు ఉండదు కాబట్టి లోడు కొలిచే దాకా కనీసం నాలుగో వంతు ఆపుకోండి.

దించాక రేకులను నేల మీద పెట్టకండి. దుంగల మీద, ఒక చివర కాస్త ఎత్తుగా ఉండేలా పేర్చి, పైన తార్పాలిన్ కప్పి, పక్కల నుంచి గాలి ఆడనివ్వండి. వానాకాలంలో కట్ట మధ్యలోకి నీళ్లు దూరి నాలుగు రోజులు ఉంటే జింకు పూత మీద తెల్లటి పిండిలాంటి తుప్పు పడుతుంది. తడిసిన కట్ట కనిపిస్తే ఆ రోజే విప్పించి, ఒక్కో రేకునూ విడిగా ఆరబెట్టించండి.